పైథాన్ డాక్యుమెంటేషన్‌ని తెలుగులోకి తేవాలంటే వాలంటీర్‌గా ఎట్టా మొదలుపెట్టాలి

"అన్నా, ఓపెన్ సోర్స్‌లో ఏదైనా చేద్దామనుంది, కానీ కోడింగ్ అంత రాదు, మాలాంటోళ్ళు ఏం చెయ్యొచ్చు" అని నెల్లూరు, కావలి, గూడూరు, ఒంగోలు పిల్లలు అడుగుతానే ఉన్నారు. ఒక్కొక్కళ్ళకి విడివిడిగా చెప్పే బదులు మొత్తం ఒకచోట రాస్తున్నా.

నా జవాబు ఒకటే, డాక్యుమెంటేషన్ పని పట్టుకోండి. జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు మీడియం చదివి పాలిటెక్నిక్‌లో చేరిన పిల్లోడికి లూప్ రాయడం వస్తుంది, లాజిక్ అర్థమవుతుంది, కానీ పైథాన్ ట్యుటోరియల్ తెరిచాడంటే ఆ ఇంగ్లీషు పేరాల దగ్గరే ఆగిపోతాడు. ఫ్రెంచోళ్ళకి, జపాన్ వాళ్ళకి, కొరియా వాళ్ళకి వాళ్ళ భాషలో పైథాన్ డాక్స్ అధికారిక సైట్‌లోనే ఉన్నాయి, వాలంటీర్లు కూర్చుని చేసుకున్నవే. 2017లో పెప్ 545 అనే ప్రతిపాదనతో దీనికి పద్ధతి కూడా ఏర్పడింది. ఆ పద్ధతిలో మనం ఎట్టా పోవాలో వరసగా చెప్తా.

ఏమేం కావాలి

పాత లాప్‌టాప్ అయినా పర్లేదు. గిట్‌హబ్ (ప్రాజెక్టుల ఫైళ్ళు పెట్టుకునే సైట్) అకౌంట్, గిట్ (ఫైళ్ళలో మార్పుల లెక్క ఉంచే టూల్), పైథాన్ 3, పీవో ఫైళ్ళు (ఇంగ్లీషు మూలం, దాని అనువాదం జతగా ఉండేవి) ఎడిట్ చెయ్యడానికి పోఎడిట్ అనే ఫ్రీ సాఫ్ట్‌వేర్, ఆ ఫైళ్ళని చెక్ చెయ్యడానికి గెట్‌టెక్స్ట్ టూల్స్. కాలేజీ ల్యాబ్‌లో అడ్మిన్ పాస్‌వర్డ్ ఉండదు, ఇన్‌స్టాల్ చెయ్యనీరు అంటారా, గిట్‌హబ్‌లో రెపో (ఒక ప్రాజెక్టు ఫైళ్ళన్నీ ఉండే చోటు) తెరిచి కీబోర్డ్ మీద ఫుల్‌స్టాప్ నొక్కితే బ్రౌజర్‌లోనే ఎడిటర్ వస్తుంది, మొదట్లో దాంతో నెట్టుకురావచ్చు.

టైపింగ్ యూనికోడ్‌లోనే చెయ్యాలి. ఇన్‌స్క్రిప్ట్ అయినా ఫొనెటిక్ కీబోర్డ్ అయినా మీ ఇష్టం. డీటీపీ సెంటర్లో అను ఫాంట్లలో కొట్టించుకొచ్చిన మేటర్ మాత్రం ఇక్కడ పనికిరాదు, అది యూనికోడ్ కాదు, పేస్ట్ చేస్తే పిచ్చి గుర్తులు వస్తాయి.

ఇంకొకటి, దీన్ని చాలామంది వదిలేస్తారు: మీరు రాసింది చదివే ఇంకో మనిషి. ఒంటరిగా మొదలుపెట్టొద్దు, కనీసం ఇద్దరు ఉండండి.

1. ముందు ఎవరైనా చేస్తున్నారేమో చూడండి

పైథాన్ డెవ్‌గైడ్‌లో (పైథాన్‌కి పనిచేసేవాళ్ళ కోసం ఉన్న గైడ్) అనువాదాల గురించి ఒక పేజీ ఉంది, అందులో భాషల పట్టిక, ఒక్కో భాషకి కోఆర్డినేటర్ ఎవరు, రెపో ఎక్కడ అనేది ఉంటుంది. తెలుగు కోడ్ టీఈ. రెపో పేర్లు పైథాన్-డాక్స్ తర్వాత భాష కోడ్, ఈ తీరులో ఉంటాయి. తెలుగు వరస కనపడితే నేరుగా ఆ కోఆర్డినేటర్‌ని పలకరించి ఏ ఫైల్ ఖాళీగా ఉందో అడగండి. కనపడకపోతే కొత్త భాష మొదలుపెట్టే విధానం అదే పేజీలో ఉంది, అది ఫాలో అవ్వండి.

హెచ్చరిక: మీ కాలేజీ పేరుతో విడిగా ఒక రెపో తెరిచేసి అందులో మొదలుపెట్టొద్దు. ఒంగోల్లో ఒకళ్ళు, నెల్లూరులో ఒకళ్ళు అదే చాప్టర్‌ని రెండుసార్లు చేస్తే ఇద్దరి కష్టమూ సగం వృథా.

లైసెన్స్ సంగతి కూడా ముందే తెలుసుకోండి. మీరిచ్చే అనువాదం సీసీ జీరో కింద పైథాన్ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్‌కి ఇస్తున్నట్టు. అంటే ఎవరైనా ఎట్టా అయినా వాడుకోవచ్చు. ఏదో పుస్తకంలోంచి పేరాలు ఎత్తి పెట్టడానికి మీకు హక్కు లేదని కూడా దీని అర్థం.

2. ఫైల్ ఎంచుకోండి

అధికారిక సైట్ పైన భాష మార్చుకునే బటన్ ఉంటుంది కదా, అందులోకి ఒక భాష రావాలంటే కొన్ని పేజీలు పూర్తిగా అయి ఉండాలి: బగ్స్ పేజీ (తప్పులు కనపడితే ఎట్టా తెలియజెయ్యాలో చెప్పేది), ట్యుటోరియల్ మొత్తం, లైబ్రరీ విభాగంలో బిల్ట్-ఇన్ ఫంక్షన్లు, బిల్ట్-ఇన్ టైపులు. కాబట్టి పని అక్కడే పెట్టండి. మీకిష్టమని ఎక్కడో మూల ఉన్న మాడ్యూల్ పేజీ తీసుకుంటే అది బాగానే ఉంటుంది గానీ తెలుగు జనం కంటపడటానికి ఉపయోగపడదు.

మొదటి ఫైల్‌గా బగ్స్ పేజీ తీసుకోమంటా. చిన్నది, తప్పనిసరిది, పీవో ఫైల్ అలవాటవ్వడానికి సరిపోతుంది. తర్వాత ట్యుటోరియల్‌లో మూడో చాప్టర్, పైథాన్‌ని కాలిక్యులేటర్‌లా వాడటం నేర్పేది. వాక్యాలు చిన్నవి, ఉదాహరణలు ఎక్కువ. మొదటి చాప్టర్ చూడ్డానికి సులువుగా, కోడ్ లేకుండా ఉంటుంది, అందుకే అందరూ దాని మీద పడతారు, కానీ అందులో ఇంగ్లీషు నుడికారం ఎక్కువ, కొత్తగా చేసేవాళ్ళ తెలుగు అక్కడే బిగుసుకుపోతుంది. చెయ్యి తిరిగాక రండి దానికి.

3. ఫైల్ మీదని చెప్పండి

రెపోలో ఒక ఇష్యూ (పని గురించి అందరికీ కనపడేలా పెట్టే పోస్ట్) తెరిచి "ఈ ఫైల్ నేను చేస్తున్నా" అని రాయండి. పరీక్షలొచ్చి చెయ్యలేకపోతే అదే ఇష్యూలో "వదిలేస్తున్నా, ఎవరైనా తీసుకోండి" అని రాయండి. సిగ్గుపడాల్సిందేం లేదు. చెప్పకుండా మాయమైతేనే ఇబ్బంది, ఆ ఫైల్ నెలల తరబడి అట్టాగే ఇరుక్కుపోతుంది.

4. పీవో ఫైల్‌ని అర్థం చేసుకోండి

ప్రతి పేరాకి రెండు భాగాలు. ఎమ్‌ఎస్‌జీ-ఐడీ అన్నది ఇంగ్లీషు మూలం, దాన్ని ముట్టుకోకూడదు, ఒక కామా కూడా మార్చకూడదు. ఎమ్‌ఎస్‌జీ-ఎస్‌టీఆర్ దగ్గర మీ తెలుగు. ఇంగ్లీషులో తప్పు కనపడినా ఇక్కడ దిద్దొద్దు, అది అసలు సీపైథాన్ రెపోకి (పైథాన్ కోడ్, ఇంగ్లీషు డాక్స్ ఉండేది) విడిగా పంపాల్సిన దిద్దుబాటు.

ఎక్కడన్నా ఫజ్జీ అనే గుర్తు కనపడితే, ఇంగ్లీషు మారింది, పాత అనువాదం ఇంకా సరిపోతుందో లేదో మనిషి చూడాలి అని అర్థం. ఫజ్జీ ఉన్నంతకాలం ఆ తెలుగు పేజీలోకి రాదు, ఇంగ్లీషే కనిపిస్తుంది.

5. ఇప్పుడు అనువాదం

పేరా మొత్తం చదవండి, ఫైల్ నుంచి కళ్ళు తిప్పి, పక్కన కూర్చున్న తమ్ముడికి చెప్పినట్టు నోటితో చెప్పండి, ఆ చెప్పింది రాయండి. ఒక ఉదాహరణ చూడండి. ట్యుటోరియల్‌లో సోర్స్ ఫైల్ ఎన్‌కోడింగ్ గురించి ఒక వాక్యం ఉంది, దాన్ని పదం పదం మారిస్తే ఇట్టా వస్తుంది:

"అప్రమేయంగా, పైథాన్ మూల దస్త్రములు యూటీఎఫ్-8లో సంకేతీకరించబడినవిగా పరిగణించబడతాయి."

ఇది ఎవరికి అర్థమవుతుంది చెప్పండి. ఇంగ్లీషు చదువుకోలేక వచ్చినవాడు ఇది చూసి మళ్ళీ ఇంగ్లీషుకే పోతాడు. ఇట్టా రాయండి:

"ఫైల్ ఏ ఎన్‌కోడింగ్‌లో ఉందో మీరు చెప్పకపోతే పైథాన్ దాన్ని యూటీఎఫ్-8 అనే అనుకుంటుంది."

ఫైల్, లూప్, ఫంక్షన్, స్ట్రింగ్, ఎర్రర్ లాంటివి క్లాసులో ఎట్టా పలుకుతారో అట్టాగే తెలుగు లిపిలో పెట్టండి. టీమ్ అందరికీ ఒక షీట్ ఉంచండి, ఒక మాటని ఒకళ్ళు ఒకలా ఇంకొకళ్ళు ఇంకోలా రాయకుండా. ఆ షీట్ మీద వారాల తరబడి వాదించుకోవద్దు, తోచింది పెట్టేసి ముందుకు పోండి, తర్వాత మార్చుకోవచ్చు.

ఇక అసలు ఇబ్బంది ఇక్కడుంది, జాగ్రత్తగా చదవండి. డాక్స్ రాసేది రీస్ట్రక్చర్డ్ టెక్స్ట్ అనే పద్ధతిలో. కోడ్ ముక్కలకి రెండువైపులా రెండేసి బ్యాక్‌టిక్ గుర్తులు పెడతారు. ఆ మూసే గుర్తు తర్వాత స్పేస్ గానీ, కామా, ఫుల్‌స్టాప్ లాంటిది గానీ ఉండాలి, అక్షరం తగలకూడదు. ఇంగ్లీషులో ఈ బాధ పెద్దగా లేదు. మన భాషలో ని, కి, లో, తో అన్నీ మాటకి అతుక్కునే వస్తాయి, కాబట్టి మనం సహజంగా రాసే ప్రతిచోటా ఇది విరుగుతుంది.

తప్పు: ``ప్రింట్``ని వాడితే తెరమీద కనిపిస్తుంది.

సరి: ``ప్రింట్`` ఫంక్షన్‌ని వాడితే తెరమీద కనిపిస్తుంది.

ఇక్కడ చదువుకోవడానికి తెలుగులో రాశా గానీ ఫైల్లో బ్యాక్‌టిక్‌ల మధ్య ఉన్నది ఇంగ్లీషు అక్షరాల్లో ఉన్నది ఉన్నట్టే ఉండాలి. మొదటి తీరులో రాస్తే గుర్తులు పేజీలో పచ్చిగా కనిపిస్తాయి, బిల్డ్‌లో, అంటే పేజీ కట్టేటప్పుడు, వార్నింగ్ కూడా వస్తుంది. రెండో తీరే మంచిది, ఫంక్షన్, వేరియబుల్, మెథడ్ అని ఒక మాట స్పేస్ తర్వాత పెట్టి ప్రత్యయం దానికి తగిలించండి, చదివేవాడికి అదేంటో కూడా తెలుస్తుంది. అట్టా కుదరనిచోట మూసే గుర్తు తర్వాత ఒక బ్యాక్‌స్లాష్, ఒక స్పేస్ పెట్టి ప్రత్యయం రాయొచ్చు, పేజీలో ఆ రెండూ మాయమై మాట అతుక్కునే కనిపిస్తుంది. టెక్స్ట్ ఎడిటర్‌లో పీవో ఫైల్ నేరుగా తెరిచి చేస్తుంటే మాత్రం ఆ బ్యాక్‌స్లాష్‌ని రెండుసార్లు కొట్టాలి.

అట్టాగే రెండు కోలన్ల మధ్య ఫంక్, రెఫ్, టర్మ్ అని ఉండేవి లింకులు. వాటిని అనువదించొద్దు. లింక్ మీద కనిపించే మాట తెలుగులో కావాలంటే తెలుగు మాట రాసి, అసలు లేబుల్‌ని దాని పక్కన కోణపు బ్రాకెట్లలో పెట్టాలి, లేబుల్ మాత్రం మారకూడదు.

6. కోడ్ ఉదాహరణల జోలికి పోయేటప్పుడు

కోడ్ బ్లాకులు కూడా పీవో ఫైల్‌లోకి వస్తాయి. మూలాన్ని కాపీ చేసి కింద పెట్టండి, కామెంట్లు మాత్రం తెలుగులోకి మార్చండి. ఇండెంటేషన్ స్పేసులు ఒక్కటి కూడా తగ్గకూడదు.

స్ట్రింగ్‌లని మన ఊరి పేర్లతో మార్చాలని అందరికీ అనిపిస్తుంది. మార్చొద్దు, కారణం చూడండి. మూడో చాప్టర్‌లో పైథాన్ అనే మాటని స్ట్రింగ్‌గా పెట్టి ఒక్కో అక్షరాన్ని ఇండెక్స్‌తో తీసి చూపిస్తారు. దాని బదులు "నెల్లూరు" పెట్టారనుకోండి. కంటికి నె, ల్లూ, రు అని మూడు కనిపిస్తాయి, లెన్ ఫంక్షన్ మాత్రం 8 అంటుంది, ఎందుకంటే ఎత్వం, పొల్లు, ఊత్వం, ఉత్వం అన్నీ విడి కోడ్ పాయింట్లు, అంటే యూనికోడ్‌లో ఒక్కోదానికీ ఒక్కో నంబర్. ఇండెక్స్ 1 అడిగితే అక్షరం రాదు, వట్టి ఎత్వం గుర్తు వస్తుంది. ఇండెక్సింగ్ నేర్చుకోవడానికి వచ్చినవాడు యూనికోడ్‌లో మునిగిపోతాడు.

మన ఉదాహరణలు పెట్టుకోవాలంటే దారి లేకపోలేదు. విడిగా ప్రాక్టీస్ పేజీలు పెట్టుకోండి, అధికారిక అనువాదంలో కలపకుండా. అక్కడ కొత్తపట్నం, ముత్తుకూరు వైపు పిల్లలకి తెలిసిన రొయ్యల కౌంట్ లెక్కే ఇవ్వొచ్చు. కౌంట్ 40 అంటే కేజీకి 40 రొయ్యలు, మరి ఒక్కో రొయ్య ఎన్ని గ్రాములు అని 1000ని 40తో భాగించే కోడ్ రాస్తారు. ఇక్కడ చాలామంది జవాబు 25 అని తలలోంచి రాసేస్తారు. పైథాన్ 3 చూపించేది 25.0, ఎందుకంటే ఒక స్లాష్‌తో భాగిస్తే ఎప్పుడూ ఫ్లోటే వస్తుంది, 25 కావాలంటే రెండు స్లాష్‌లు పెట్టాలి. ఇది నేర్చుకునేవాడు నాలుగుసార్లు కొట్టి చూసి "నాకే తప్పొస్తోంది" అనుకుంటాడు. కాబట్టి అవుట్‌పుట్ ఎప్పుడూ రాయకూడదు, నడిపి పేస్ట్ చెయ్యాలి. పాత ల్యాబ్ రికార్డుల్లోంచి ఉదాహరణలు ఎత్తేవాళ్ళు ఇంకా జాగ్రత్త, వాటిల్లో పైథాన్ 2 కోడ్ ఉంటుంది, దానికి సపోర్ట్ 2020 జనవరి 1తోనే అయిపోయింది.

7. మెషీన్‌తో చెక్ చెయ్యండి

గెట్‌టెక్స్ట్‌తో వచ్చే ఎమ్‌ఎస్‌జీ-ఎఫ్‌ఎమ్‌టీ కమాండ్‌ని చెక్ ఆప్షన్‌తో మీ ఫైల్ మీద నడపండి. కొటేషన్ మూయకపోయినా, లైన్ చివర గుర్తు మూలంలో ఉండి మీదాంట్లో లేకపోయినా పట్టుకుంటుంది. స్టాటిస్టిక్స్ ఆప్షన్ పెడితే ఎన్ని అయ్యాయి, ఎన్ని ఫజ్జీ, ఎన్ని మిగిలాయో చెప్తుంది. డాక్స్‌ని వెబ్ పేజీలుగా కట్టే టూల్ పేరు స్ఫింక్స్, తర్వాత దానికోసం చేసిన స్ఫింక్స్-లింట్ నడపండి, మార్కప్ తప్పులు దానికి బాగా దొరుకుతాయి.

8. పేజీ కట్టి కంటితో చూడండి

సీపైథాన్ రెపో క్లోన్ చెయ్యండి, అంటే మీ మెషీన్‌లోకి దించుకోండి. మొత్తం హిస్టరీతో దించితే ఫోన్ హాట్‌స్పాట్ డేటా అయిపోతుంది, డెప్త్ 1 అని పెట్టి దించండి. మీ అనువాదం ఏ వెర్షన్ బ్రాంచ్‌దో అదే బ్రాంచ్ తీసుకోవాలి, ఇది మర్చిపోతే సగం పేరాలు ఇంగ్లీషులోనే కనిపించి ఏమైందో అర్థం కాదు. డాక్ ఫోల్డర్‌లో లొకేల్స్, అందులో టీఈ, అందులో ఎల్‌సీ-మెసేజెస్ అని ఫోల్డర్లు చేసి పీవో ఫైళ్ళు అక్కడ పెట్టండి. మేక్ అనే కమాండ్‌తో ముందు వీఈఎన్‌వీ (కావాల్సిన టూల్స్ విడిగా పెట్టుకునే చోటు), తర్వాత హెచ్‌టీఎమ్‌ఎల్ కట్టండి, స్ఫింక్స్ ఆప్షన్లలో భాష టీఈ అని, గెట్‌టెక్స్ట్ కాంపాక్ట్ సున్నా అని ఇవ్వాలి. పైథాన్‌ని కంపైల్ చెయ్యక్కర్లేదు. విండోస్‌లో ఇబ్బంది పెడితే డబ్ల్యూఎస్‌ఎల్‌లో (విండోస్‌లోనే లినక్స్ నడిపేది) చెయ్యండి.

బిల్డ్ అయ్యేటప్పుడు వచ్చే వార్నింగులు చదవండి. "అనువాదంలో రిఫరెన్సులు పొసగలేదు" అనే అర్థమొచ్చేది కనిపిస్తే మూలంలో ఉన్న లింక్ ఏదో మీదాంట్లో పోయింది, లేదా ఎక్కువైంది. తర్వాత పేజీ బ్రౌజర్‌లో తెరిచి పైనుంచి కిందదాకా చూడండి: బ్యాక్‌టిక్‌లు పచ్చిగా కనిపిస్తున్నాయా, లింకులు నొక్కితే పోతున్నాయా, కోడ్ కాపీ చేసి ఇంటర్‌ప్రెటర్‌లో పెడితే పేజీలో చూపించిందే వస్తోందా. ఫోన్‌లో కూడా ఒకసారి చూడండి, మన పిల్లలు చాలామంది చదివేది అందులోనే.

9. మనిషితో చెక్ చెయ్యించండి

నా లెక్కలో అన్నిటికంటే ముఖ్యమైన స్టెప్ ఇదే, ఎవరూ చెయ్యనిది కూడా ఇదే. పైథాన్ రాని ఒకళ్ళని పట్టుకోండి, ఇంటర్ అయిపోయి ఖాళీగా ఉన్న చెల్లెలైనా, డిప్లొమా ఫస్టియర్ కుర్రోడైనా. పేజీ తెరిచిచ్చి "ఇందులో చెప్పినట్టు చెయ్యి" అని పక్కన కూర్చోండి. నోరు తెరవొద్దు. వివరించొద్దు, వేలు పెట్టి చూపించొద్దు. ఎక్కడ ఆగాడు, ఏ లైన్ రెండోసారి చదివాడు, ఏం కొట్టబోయి చెరిపేశాడు, రాసుకోండి. ఆగిన ప్రతిచోటా తప్పు వాక్యానిది. మూలం ప్రకారం సరిగ్గానే ఉంది కదా అని వాదించుకుంటే పేజీ మెషీన్‌కి నచ్చుతుంది గానీ మనిషికి ఉపయోగపడదు. అతను మిమ్మల్ని ఏమీ అడక్కుండా చివరిదాకా పోయి, తెరమీద సరైన అవుట్‌పుట్ చూశాడంటే ఆ పేజీ అయినట్టు.

10. పుల్ రిక్వెస్ట్ పంపండి

పుల్ రిక్వెస్ట్ అంటే మీ మార్పుని రెపోలో కలపమని అడగడం. ఒక పుల్ రిక్వెస్ట్‌లో ఒక ఫైల్. చాప్టర్ పెద్దదైతే సగమే పంపండి, పర్లేదు. ఏం చేశారు, ఎక్కడ అనుమానం ఉంది అన్నది రెండు ముక్కలు రాయండి. రివ్యూలో ఇరవై కామెంట్లు వస్తే నొచ్చుకోవద్దు, మీ పనిని ఒకళ్ళు కూర్చుని లైన్ లైన్ చదివారని అర్థం. మీరు కూడా ఇంకొకళ్ళ ఫైల్ అట్టాగే చదవండి, అనువదించేవాళ్ళ కన్నా రివ్యూ చేసేవాళ్ళే ఎప్పుడూ తక్కువ పడతారు.

ఎక్కువమంది చేసే తప్పులు

మెషీన్ ట్రాన్స్‌లేషన్ మొత్తం పేస్ట్ చేసి పంపడం. అది లింక్ లేబుళ్ళని కూడా అనువదించేస్తుంది, బ్యాక్‌టిక్‌లు తినేస్తుంది, పైగా చదివి దిద్దే కష్టం రివ్యూవర్ నెత్తిన పడుతుంది. చిత్తుగా వాడుకుంటే వాడుకోండి, కానీ ప్రతి వాక్యం మీరు తిరగరాసిందై ఉండాలి.

ఫోన్‌లో గానీ వర్డ్‌లో గానీ రాసి తెచ్చి పెట్టడం. నిటారు కొటేషన్లు వంకర కొటేషన్లుగా మారిపోతాయి, కోడ్ నడవదు. వాట్సాప్‌లో ఫైల్‌గా పంపుకోండి, మెసేజ్‌గా కాదు, స్టార్లు, అండర్‌స్కోర్లు అక్కడ బోల్డ్, ఇటాలిక్ అయిపోతాయి.

పొల్లు తర్వాత ప్రత్యయం వచ్చేచోట జీరో విడ్త్ నాన్ జాయినర్ (కంటికి కనపడకుండా అక్షరాలు అతుక్కోకుండా ఆపే గుర్తు) పెట్టడం మర్చిపోవడం. "ఫంక్షన్‌ని" బదులు నకారం కింద నకారం ఒత్తు పడిపోతుంది. టీమ్‌లో కొందరు పెట్టి కొందరు పెట్టకపోతే సెర్చ్‌లో కూడా మాట దొరకదు.

సర్టిఫికెట్ కోసం ఒక కామా మార్చి పుల్ రిక్వెస్ట్ పంపడం గురించి కూడా చెప్పాలి. ఇంటర్న్‌షిప్ ఫైల్‌లో చూపించుకోవడానికి ఒకే రోజు క్లాసంతా కలిసి ఇట్టాంటివి పంపితే, అవతల తమ తీరిక వేళల్లో కూర్చుని చూసే వాలంటీర్లు మన ప్రాంతం పేరు చూడగానే పక్కన పెట్టే పరిస్థితి వస్తుంది. రెండు పేజీలు చేసినా పూర్తిగా చెయ్యండి, అదే రెజ్యూమేలో నిలబడుతుంది.

తెలుగు రాయడం మీ వల్ల కాకపోతే

అసలు ఇంగ్లీషు డాక్స్‌లోనే దిద్దుబాట్లు పంపొచ్చు. చదువుతుంటే మీకు అర్థం కాని వాక్యం, నడవని ఉదాహరణ, చచ్చిపోయిన లింక్, ఇవన్నీ పనికొచ్చేవే. చిన్న దిద్దుబాటుకి ముందు ఇష్యూ తెరవాల్సిన పని లేదు. మొదటిసారి పంపినప్పుడు కాంట్రిబ్యూటర్ అగ్రిమెంట్ మీద సంతకం చెయ్యమని బాట్ అడుగుతుంది, ఆన్‌లైన్‌లోనే అయిపోతుంది, అది చేసేదాకా మీ మార్పు మెర్జ్ కాదు.

వెర్షన్ మారినప్పుడు

పైథాన్ కొత్త వెర్షన్ ఏడాదికొకటి వస్తుంది, ఇంగ్లీషు డాక్స్ మధ్యలో కూడా మారుతుంటాయి. అప్పుడు మీరు పూర్తి చేసిన ఫైల్‌లో కొన్ని పేరాలు మళ్ళీ ఫజ్జీ అవుతాయి. ఫజ్జీ గుర్తు కనపడగానే తీసెయ్యొద్దు. పోఎడిట్‌లో పాత మూలం, కొత్త మూలం రెండూ పక్కపక్కన పెట్టి ఏ మాట మారిందో చూడండి. ఒక్కోసారి కామా మారి ఉంటుంది, ఒక్కోసారి "చెయ్యొచ్చు" అన్నది "చెయ్యకూడదు" అయి ఉంటుంది. తెలుగులో దిద్దండి, కోడ్ ఉంటే మళ్ళీ నడపండి, ఆ తర్వాతే గుర్తు తీయండి. మొదట ఫైల్ చేసినవాళ్ళే ఈ పని కూడా చూసుకుంటే తొందరగా అయిపోతుంది, అందుకని ఇష్యూలో మీ పేరు అట్టాగే ఉంచుకోండి, కాలేజీ అయిపోయి బెంగళూరో హైదరాబాదో పోతుంటే కోఆర్డినేటర్‌కి చెప్పి జూనియర్లలో ఒకళ్ళకి ఆ ఫైల్ అప్పగించి పోండి.